హిప్-హాప్ గేయములందలి స్త్రీనిందయు, స్త్రీల ప్రత్యుత్తరములును

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని న్యూయార్కు మహానగరమున, బ్రాంక్సు అను పేదపేటయందుఁ బుట్టి, ఏఁబదియేండ్లలోపల భూమండలమంతయు వ్యాపించిన గేయకళకు హిప్-హాప్ అని పేరు. అందలి వాచికభాగమును ర్యాప్ అందురు. రాగాలాపము లేక, తాళమునకు సరిపడు మాటలను ప్రాసలతోఁ గూర్చి వడిగాఁ జదువుట దీని లక్షణము. మన యవధానుల యాశుకవితయందువలెనే యిందును ధార, ప్రాస, స్పర్ధ యను మూఁడును ముఖ్యములు. స్పర్ధ యున్నచోఁ దిట్టును దఱుచు. తిట్టుకవిత్వ మనఁగా నేమో భీమకవి కథల నెఱిఁగిన యాంధ్రపండితులకు వేఱుగఁ జెప్పఁ బనిలేదు. అయితే మనవారి తిట్టు రాజులమీఁదను, లోభులమీఁదను, సాటికవులమీఁదను బోయినంతగా స్త్రీలమీఁదఁ బోలేదు. హిప్-హాప్ గేయములలో నది స్త్రీలమీఁదికే మెండుగా మరలినది. ఈ సంగతినిగూర్చి న్యాయమూర్తులును, శాసనసభ్యులును, మతాచార్యులును జాలఁ బలికియున్నారు. ఆ గేయములను దినదినమును విను స్త్రీ లేమనిరి? విని యూరకుండిరా? బదులు పలికిరా? పలికినచో నే రూపమునఁ బలికిరి? కాలక్రమము ననుసరించి దీనిని విచారించుట యీ వ్యాసమునం దుద్దేశింపఁబడినది.

ఈ కళకు జన్మదినముగాఁ జెప్పఁబడునది 1973 ఆగస్టు 11వ తేది. ఆనాఁడు బ్రాంక్సులోని సెడ్జ్‌విక్ వీథియందు 1520 సంఖ్యగల గృహసముదాయపు వినోదశాలలో నొక నృత్యోత్సవము జరిగినది. రికార్డులను ద్రిప్పినవాఁడు జమైకానుండి వలసవచ్చిన క్లైవ్ కాంబెల్. కూల్ హెర్క్ అను పేరఁ బ్రసిద్ధుఁ డీతఁడే. చరిత్రకారు లందఱు నీతనినే ముందుగాఁ బేర్కొందురు. కాని యుత్సవము నేర్పఱచినది యాతని చెల్లెలు సిండీ కాంబెల్. బడులు దెఱచునప్పటికిఁ గ్రొత్తబట్టలు కొనుటకై ధనము గూర్చుకొనఁదలఁచి యామె శాలను బాడుగకుఁ దీసికొని, యాహ్వానపుఁజీట్లు పంచి, ప్రవేశమునకు వెల యేర్పఱచినది. స్త్రీలకు 25 సెంట్లు, పురుషులకు 50 సెంట్లు. ఈ చిన్నయంకెలలో నొక విశేషము గలదు. ఆఁడువారు రానిచో నృత్యము లేదు. నృత్యము లేనిచో నీ కళయే లేదు. కావున వారిని సగము వెలకే పిలువవలసివచ్చినది. 1979లో "రాపర్స్ డిలైట్" అను గేయమును రికార్డుగాఁ దెచ్చి యీ కళను బ్రాంక్సు దాఁటించినదియు సిల్వియా రాబిన్సన్ అను స్త్రీయే. 1981 ఫిబ్రవరి 14వ తేదిని "ఫంకీ ఫోర్ ప్లస్ వన్" అను బృందము దేశవ్యాప్తమగు టెలివిజనులోఁ గానవచ్చినప్పుడు, ఆ పేరులోని "ప్లస్ వన్" షా-రాక్ అను యువతి. నలుగురు మగవారు, అదనముగా నొక్కతె! బృందనామమే యామె స్థానమును దెలుపుచున్నది.

స్త్రీనింద హిప్-హాప్‌తోఁ బుట్టినది కాదు. ఆఫ్రికన్-అమెరికనుల వీథులలోను, కారాగారములలోను "టోస్టు"లను పేర నోటఁజెప్పఁబడు దీర్ఘగాథలు చిరకాలముగాఁ బ్రచారమునం దున్నవి. వానియందలి వీరుఁడు తన మగఱికమును స్త్రీల యవమానముచేతఁ గొలుచుకొనువాఁడు. "డజన్స్" అను వాగ్యుద్ధమునఁ బ్రతిపక్షి తల్లిని దూషించుట రివాజు. ప్రత్యుత్తరమును నట్లే ప్రాచీనము. 1920 తరువాత బ్లూస్ గేయములను రికార్డుల కెక్కించిన మా రెయినీ, బెస్సీ స్మిత్ మొదలగువారు తమ్ము వంచించిన మగవారిని బేరులు వెట్టి పాడిరి. వారి పాటలలో నొక స్త్రీవాద చరిత్రము దాఁగియున్నదని ఏంజెలా డేవిస్ 1998లోఁ బ్రచురించిన గ్రంథమున సవిస్తరముగా నిరూపించినది. ఇంకొక యుదాహరణము. 1954లో హాంక్ బల్లార్డ్ "వర్క్ విత్ మీ, యానీ" అని శృంగారగేయము పాడఁగా, ఎట్టా జేమ్స్ "ది వాల్‌ఫ్లవర్" అను మాఱుపాటతో యానీ పక్షమున బదులిచ్చినది. ఆమె 1938లోఁ బుట్టినది; అప్పటికి బాలిక యనవచ్చును. నల్లజాతివారి గేయపట్టికలో నా పాట 1955లోఁ బ్రథమస్థానము నందినది. కాని దేశసామాన్యమగు పట్టికలో మొదటికి వచ్చినది యదే పాటను మాటలు మార్చి మెత్తఁబఱచి పాడిన జార్జియా గిబ్స్ అను తెల్లజాతి గాయని! బదులు పలికినది యొకతె, ఫల మనుభవించినది యింకొకతె.

ఈ మాఱుపాటల సంప్రదాయము హిప్-హాప్‌లో దిగినది 1984లో. ఆ కథ కొంత విస్తరించి చెప్పఁదగినది. బ్రూక్లిన్ పేటకుఁ జెందిన యూ.టీ.ఎఫ్.ఓ. అను బృందము "రాక్సాన్, రాక్సాన్" అను గేయమును వెలువరించినది. వీథిని బోవుచున్న రాక్సాన్ అను పిల్లను బృందములోని మువ్వు రొకరివెంట నొకరు పలుకరింతురు. ఒకఁడు తన పాండిత్యమును, ఒకఁడు తన వైద్యమును, ఒకఁడు తన సొగసును జెప్పుకొనును. ఆమె యెవ్వరిని లెక్కింపదు. అందులకు మువ్వురును గలసి యామెకుఁ బొగరని యెగతాళి చేయుదురు. నేఁటి గేయములతోఁ బోల్చినచో నిది యెంతయో మర్యాదగల పాట. కాని దాని మూలసూత్రమును గమనింపుఁడు: పలుకరించుట మగవాని హక్కు, పలుకకుండుట యాఁడుదాని నేరము. గేయమం దామెకు మాటయే లేదు.

క్వీన్స్ భాగమునందలి క్వీన్స్‌బ్రిడ్జి యను ప్రభుత్వగృహములలోఁ బెరిగిన లోలిటా షాంటే గుడెన్ అప్పటికిఁ బదునాలుగేండ్ల బాలిక. మార్లీ మార్ల్ అను రికార్డుకర్త యింట నామె యా రాక్సాన్ తానే యైనట్లు "రాక్సాన్స్ రివెంజ్" అను మాఱుపాటను జదివినది. రాక్సాన్ షాంటే యనునది నాఁటినుండి యామె పేరు. మువ్వురిని వరుసగాఁ బేరుపెట్టి, యొక్కొక్కని గొప్పను జిల్లులు పొడిచి, మీలో నెవ్వఁడును నాకు సరిపడఁడని తేల్చినది. ఆమె మాటలు సుకుమారములు గావు. తిట్టునకుఁ దిట్టే బదులు. తరువాతి ముద్రణమునఁ గొన్ని మాటలను మార్పవలసివచ్చినంత ఘాటుగా నది యుండెను. ఇచ్చట నాకొక యూహ తోఁచుచున్నది. విన్న స్త్రీ తన్నుఁగూర్చిన పాటలోని మౌనపాత్ర తానే యని గుర్తించి, యా పాత్రకు నోరిచ్చినది. ఇది శ్రోత కవి యగుట. మన ప్రబంధములలో దూతికతోను జిలుకతోను బలుకునట్టి నాయికయే ప్రబంధము విడిచి వచ్చి కవినే నిలవేసినట్లున్నది.

ఆ పాట విని మఱియొకరు, అది విని వేఱొకరు బదులు చెప్పఁగా 1985లో డజన్లకొలఁది మాఱుపాటలు రికార్డులుగా వెలువడినవి. రాక్సాన్ తలిదండ్రుల పేరఁ గూడ నొకటి వచ్చినది. మొదటి బృందమువారే "నిజమైన రాక్సాన్" అని వేఱొక యువతిని ముందునకుఁ దెచ్చిరి. స్పార్కీ డీ యను నామె షాంటేనే యెదిరించినది. ఇది కొంత వ్యాపారమే; గిరాకి యున్నంతవఱకు వర్తకుఁడు వదలునా? అయినను లోకమున కొక సంగతి తెలిసినది: వినువారిలో సగముమంది స్త్రీలు, వారు డబ్బిచ్చి తమ పక్షము పాటను గొందురు. షాంటే విజయము నిష్కంటకము గాదు. అదే యేఁట జరిగిన పోటీలో నామె తుదివఱకు వచ్చి యోడినది. బాలికను విజేతగాఁ బ్రకటించినచో నీ కళను గౌరవింపరని న్యాయనిర్ణేతలలో నొకఁడు తక్కువ యంకె వేసెనని యామె తరువాతి కాలమునఁ జెప్పినది.

అదే 1985లో డగ్ ఈ. ఫ్రెష్, స్లిక్ రిక్ అనువారి "ది షో"కు బదులుగా "ది షో స్టాపర్" పాడిన యిద్దఱు యువతులు సాల్ట్-ఎన్-పెపా యను పేరఁ బ్రసిద్ధికెక్కిరి. 1988లో ఎం.సీ. లైట్, 1989లో క్వీన్ లతీఫా తమ మొదటి సంపుటములను దెచ్చిరి. వీరినిగూర్చి గ్రంథములు గలవు గనుక విస్తరింపను.

ఎనుబదులయంతమునఁ గాలిఫోర్నియాలో "గ్యాంగ్‌స్టా ర్యాప్" అను శాఖ పుట్టెను. ఎన్.డబ్ల్యు.ఏ. బృందము 1988లో వెలువరించిన "స్ట్రెయిట్ ఔటా కాంప్టన్" దానికి ముఖ్యగ్రంథము వంటిది. పోలీసుల దౌర్జన్యమును నిర్భయముగాఁ బలికిన యా గళములే స్త్రీలను గుక్కలతోఁ బోల్చుటకును, కొట్టుటను గొప్పగాఁ జెప్పుటకును వెనుదీయలేదు. 1991లో బిల్‌బోర్డ్ పత్రిక దుకాణముల యమ్మకపు లెక్కలను యంత్రములద్వారా గ్రహింపఁజొచ్చినది. పిమ్మట నతిస్వల్పకాలములోనే యా బృందపు రెండవ సంపుటము ప్రథమస్థానమునఁ గానవచ్చెను. పేదపేటల పాటను బయటివారెంతగాఁ గొనుచున్నారో రికార్డువర్తకులకు లెక్కలతోఁ దెలిసినది. స్త్రీనింద ఒక సరకై నిలిచినది.

ఇఁక న్యాయస్థానము. మయామీ నగరమునకుఁ జెందిన "టూ లైవ్ క్రూ" అను బృందము 1989లో "ఆజ్ నాస్టీ ఆజ్ దే వానా బీ" అను సంపుటమును దెచ్చెను. అది నిండ బూతు. 1990 జూన్ 6వ తేదిని ఫ్లారిడాలోని సంయుక్తరాష్ట్ర న్యాయమూర్తి హోసే గొన్జాలెజ్ దానిని నశ్లీలమని తీర్మానించెను. ఒక సంగీతసంపుటమును ఫెడరల్ న్యాయస్థానము నశ్లీలమని నిర్ణయించుట కదియే మొదలు. దాని నమ్మిన యొక దుకాణదారుఁ డరెస్టయ్యెను, పాడినవారును నరెస్టయిరి. పాడినవారి విచారణలో హెన్రీ లూయిస్ గేట్స్ అను సాహిత్యాచార్యుఁడు సాక్ష్యమిచ్చి, యీ గేయములు నల్లజాతివారి ప్రాచీన వాగ్విలాససంప్రదాయమునకుఁ జెందినవనియు, నతిశయోక్తిచేఁ బరిహాసము గలిగించునవనియు, యథార్థముగా గ్రహింపరాదనియు వివరించెను. న్యాయసభ్యులు వారిని నిర్దోషులని విడిచిరి. 1992లో నపీలు న్యాయస్థానము గొన్జాలెజ్ తీర్పునే కొట్టివేసెను.

ఈ వాదములో నొక పక్షమున నీతి, రెండవపక్షమున కళ. గేయములలోఁ దిట్లుపడిన స్త్రీల పక్ష మెక్కడ? ఈ ప్రశ్న నడిగినది కింబర్లే క్రెన్‌షా యను న్యాయశాస్త్రాచార్యురాలు. జాతివివక్షయు లింగవివక్షయు నొక్కచోఁ గూడుకొను తెఱఁగును దెలుపుటకు 1989లో నొక పారిభాషికపదమును గల్పించినదియు నామెయే. దానిని మనవారు ఖండనబిందు సిద్ధాంత మనియు నంతర్విభాగీయత యనియు వ్యవహరించుచున్నారు. "బోస్టన్ రివ్యూ" పత్రికలో 1991లోఁ బ్రకటించిన వ్యాసమునం దామె యిరువాగులను ఖండించినది. ఇంతకంటె నీచముగాఁ బలికిన తెల్లజాతి హాస్యగాండ్రుండఁగా నీ నల్లజాతి యువకులనే పట్టుకొనుట జాతివివక్ష. స్త్రీల గౌరవమను మాట యక్కడ సాకు మాత్రమే. అయితే, సంప్రదాయమనియు హాస్యమనియు జెప్పి నింద లేనట్లు నటించుటయు నొప్పదు. హాస్యమునకు మూల్యము చెల్లించునది నల్లజాతి స్త్రీయే. ఇట్లు వాదించి, నేర విచారణను నిరాకరించుచునే గేయములను విమర్శించినది. ఆ వ్యవహారమున వెలువడిన వ్రాఁతలలో నిదియే యెక్కువ కాలము నిలుచునని నా యభిప్రాయము.

ప్రసంగవశమున మన దేశపు మాట యొకటి. తంజావూరి ముద్దుపళని "రాధికాసాంత్వనము"ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లోఁ బ్రకటింపఁగా, బూతు కావ్యమని దొరతనమువారు నిషేధించిరి. ఆ నిషేధము దాదాపు స్వరాజ్యము వచ్చువఱకు నిలిచెను. అక్కడ కవయిత్రి స్త్రీ, ప్రకాశకురాలు స్త్రీ. అశ్లీలమని తేల్చినవారు మాత్రము పురుషులు. ఫ్లారిడా వ్యవహారము దీనికి సరిగాఁ దలక్రిందు. అక్కడ నిందించినవారు పురుషులు, నింద పడినది స్త్రీ. తీర్పరుల వరుస మాత్ర మొక్కటే.

మాటలు మాటలే గదా యనువారికి 1991 జనవరిలో జరిగినది సమాధానము. డీ బార్న్స్ అను యువతి టెలివిజనులో "పంప్ ఇట్ అప్" అను హిప్-హాప్ ప్రసంగమాలికను నడపుచుండెను. తాను నడపిన కార్యక్రమభాగ మొకటి ఎన్.డబ్ల్యు.ఏ. వారికిఁ గోపము దెప్పింపఁగా, హాలివుడ్డులోని యొక విందులో నా బృందమువాఁడగు డాక్టర్ డ్రే యామెను గొట్టెను. నేరము నెదిరింపక యాతఁడు జరిమానాకును సమాజసేవకును లోఁబడెను; ఆమె వేసిన దావా కోర్టు వెలుపల రాజీపడినది. ఆతని కీర్తి యినుమడించెను. ఆమె కుద్యోగములు దొరకుట యరుదైనది.

1993 మొదలు సీ. డెలోరెస్ టక్కర్ యీ గేయములపై దండెత్తినది. పెన్సిల్వేనియా రాష్ట్రకార్యదర్శిగాఁ బనిచేసిన యీ నల్లజాతి వృద్ధ రికార్డుదుకాణములయెదుట నిరసనలు జరిపినది. టైమ్ వార్నర్ సంస్థలో వాటాలు కొని, వాటాదారుల సభలోనే నిలిచి, యా గేయములను జదివి వినిపింపుఁడని సంస్థాధిపతుల నడిగినది. 1994 ఫిబ్రవరిలో నమెరికా శాసనసభలు సాక్ష్యములు విన్నవి. 1995లో టైమ్ వార్నర్ ఇంటర్‌స్కోప్ కంపెనీలోని తన భాగము నమ్మివేసినది. ఆమె ధైర్యము శ్లాఘ్యము. అయితే సంప్రదాయపక్షపు రాజకీయులతోఁ గలసి నడచుటచే యువతు లనేకు లామెకు దూరమైరి. గాయకు లామెనే పాటలలో నిందించిరి. బెల్ హుక్స్ అను విదుషి 1994లో వ్రాసిన వ్యాసమునం దింకొక లోతు చూపినది. ఈ స్త్రీనింద నల్లజాతియువకుల సొంతసొత్తు గాదు. దేశమంతటను జెల్లుబడియగు పితృస్వామ్యమును, ధనస్వామ్యమునే వారు వల్లించుచున్నారు. ఆ దినములలోనే బహుమానము లందుకొన్న "ది పియానో" అను చలనచిత్రమందలి స్త్రీహింసను జూచి యెవ్వరును బెదరలేదే యని యామె ప్రశ్న.

వేదికలపై నీ వాదములు సాగుచుండఁగా, క్వీన్ లతీఫా 1993లో "యూనిటీ" అను గేయమును వెలువరించినది. వీథిలో నీచపుఁబేరులతోఁ బిలుచుట, చేయివేయుట, ఇంటఁ గొట్టుట, వీనినన్నిఁటిని వరుసగా నెదిరించిన పాట యది. దానికి 1995లో గ్రామీ బహుమానము వచ్చినది. 1994లో "బ్లాక్ నాయిస్" వ్రాసిన ట్రిసియా రోజ్ ఈ గాయనులతో మాటాడి, వారు "స్త్రీవాది" యను పేరునకు వెనుదీయుచుండుటను గమనించినది. అది తెల్లజాతి స్త్రీల పేరని వారి భావము. వారి ప్రత్యుత్తరమును మగగాయకులతోడి సంభాషణగాఁ జూడవలయునే కాని పక్షద్వయపు యుద్ధముగాఁ జూడరాదని యామె సిద్ధాంతము.

అందఱు స్త్రీలును బదులు పలుకరు. పెక్కుమంది నృత్యము చేయుదురు. ఈ చిక్కును దాఁపక చెప్పినది జోన్ మోర్గన్. బ్రాంక్సులోఁ బెరిగిన యీమె 1999లోఁ బ్రకటించిన గ్రంథమునందు "హిప్-హాప్ స్త్రీవాదము" అను మాటను నెలకొల్పినది. తన్ను నిందించు సంగీతమును దాను బ్రేమించుచున్నాననియు, నలుపుతెలుపుల నడుమనున్న బూడిదవన్నెలోనే నిజము వెదకవలయుననియు నామె వాదము. బైరన్ హర్ట్ 2006లోఁ దీసిన వృత్తచిత్రమునందు సముద్రతీరపు టుత్సవమునకు వచ్చిన యువతులు, ఆ మాటలు తమ్ముఁగూర్చినవి గావనియు, నట్టి స్త్రీలు వేఱుగా నున్నారనియు జెప్పుదురు. "నన్ను గాదు" అను నీ యుత్తరము మనకుఁ గ్రొత్త గాదు. ఆఁడువారిని నమ్మరాదను శతకపద్యములను బడిలో వల్లించిన మన బాలికలు నట్లే సమాధానపడి యుండిరి. ఇది యొక విధమగు నాత్మరక్షణమే. కాని దానివలన నిందకు గుఱి యగుట కింకొక స్త్రీ నిలువవలసివచ్చును.

1996లో లిల్ కిమ్, ఫాక్సీ బ్రౌన్ మగవారి బూతునే తమ నోటఁ బలికి తామే యజమానులమనిరి. అది స్వాతంత్ర్యమా, సరకు మార్పా యను వివాద మింకను దెగలేదు.

2004లో జార్జియా రాష్ట్రపు అట్లాంటా నగరమునందలి స్పెల్‌మన్ కళాశాలలో జరిగిన యుదంతము మిక్కిలి గమనింపఁదగినది. అది నల్లజాతి స్త్రీల కళాశాల. గాయకుఁడు నెల్లీ, రక్తవ్యాధితో బాధపడు తన సోదరికై యెముకమజ్జ దాతల నమోదుచేయుటకు సంస్థద్వారా యచటికి రాఁదలఁచెను. అంతకుముం దాతని "టిప్ డ్రిల్" అను పాటచిత్రములో నొక స్త్రీ పిఱుదులనడుమ క్రెడిట్ కార్డును గీచిన దృశ్య ముండెను. విద్యార్థినులు రావలదనలేదు, వచ్చి యీ చిత్రమునుగూర్చి మాతో మాటాడుమనిరి. ఆతనిపక్షమువారు కార్యక్రమమును రద్దుచేసిరి. విద్యార్థినులు తామే దాతల నమోదును జరిపిరి. మరునాఁటి పత్రికలలోఁ గొందఱు వీరిని నిర్దయలనిరి. చేసిన పని చూచినచో నట్లనుట కెడము లేదు. 2005లో "ఎసెన్స్" అను స్త్రీలపత్రిక సంవత్సరమంతయు నీ విషయమునుగూర్చి చర్చ నడపినది. ఆ విద్యార్థినులలో ముఖ్యురాలగు మోయా బెయిలీ తరువాత నాచార్యురాలై, నల్లజాతి స్త్రీలపైఁ బ్రత్యేకముగాఁ జూపఁబడు ద్వేషమునకు "మిసోజిన్వార్" అను పదమును గల్పించినది. ఇప్పు డది నిఘంటువులలోఁ జేరినది. ఒక పాటచిత్రమునకు శ్రోత లిచ్చిన బదులు తుదకు భాషలో నొక మాటయై నిలిచె ననవచ్చును.

2015లో ఎన్.డబ్ల్యు.ఏ. చరిత్రమును "స్ట్రెయిట్ ఔటా కాంప్టన్" అను పేరనే చలనచిత్రముగాఁ దీసిరి. అందు డీ బార్న్స్ కథ లేదు. ఆమె వెంటనే యొక వ్యాసము ప్రకటించి, తన్ను వదలిన చరిత్రము చరిత్రము గాదని చెప్పినది. ఆ మాసముననే డ్రే తాను బాధించిన స్త్రీలను క్షమాపణ వేఁడుచు న్యూయార్క్ టైమ్స్ పత్రికకుఁ బ్రకటన యిచ్చెను. ఇరువదినాలుగేండ్ల తరువాత!

2020 జూలైలో మెగన్ థీ స్టాలియన్ అను గాయని పాదములపైఁ దుపాకి పేలినది. పేల్చినవాఁడు గాయకుఁడు టోరీ లేనెజ్ అని యామె చెప్పఁగా, నమ్మనివారును, పాటలలోఁ బరిహసించినవారును బలువురు. ఆ యక్టోబరులో నామె న్యూయార్క్ టైమ్స్‌లో నల్లజాతి స్త్రీల రక్షణమునుగూర్చి వ్యాసము వ్రాసినది. 2022 డిసెంబరులో న్యాయసభ్యులు లేనెజ్‌ను దోషి యనిరి; 2023 ఆగస్టులోఁ బదియేండ్ల శిక్ష పడినది. 2024 జనవరిలో మెగన్ "హిస్" అను గేయమును వెలువరించి, తన్ను నిందించినవారి నొక్కొక్కరినే బట్టుకొని బదులు చెప్పినది. రాక్సాన్ షాంటే మాఱుపాటకు నప్పటికి దాదాపు నలువదియేండ్లు. "హిస్" బిల్‌బోర్డ్ పట్టికలో మొదటిస్థానముననే యడుగుపెట్టినది.